చినగరువులో రెండు నిమిషాలు

“మళ్లీ ఆపేశాడు దొంగసచ్చినోడు!”

ఎర్రజెండా చంకలో పెట్టుకుని స్టేషన్ మాస్టర్ రాజరత్నం పట్టాల వెంట పరుగెత్తాడు. చినగరువులో ఆగకుండా దూసుకుపోవలసిన ఢిల్లీ ఎక్స్‌ప్రెస్, ప్లాట్‌ఫారానికి రెండు వందల గజాల ఇవతలే, అరటితోట పక్కన ఆయాసపడుతూ నిలబడింది. ఎవరో గొలుసు లాగారు. రాజరత్నం, గార్డు చేరేసరికి లాగినవాడు ఉంటాడా? పెట్టెల్లో అందరూ పసిపిల్లల్లా నిద్రపోతున్నారు.

శనివారం తెల్లవారిందంటే ఇదే తంతు. మధ్యలో రెండు నెలలు ఎవరూ గొలుసు జోలికి పోకపోతే పీడ విరగడైందనుకున్నాడు పాపం. మళ్లీ మొదలైంది. ఇప్పటికి మూడు మెమోలు అందాయి. నాలుగోది వస్తే ఎక్కడో అడవిలో స్టేషనుకు బదిలీ అని పైఅధికారి తేల్చి చెప్పేశాడు.

ఇంటికి రాగానే సువార్తమ్మ అందుకుంది. “మార్చిలో పిల్లకి టెన్త్ పరీక్షలండి. ఇప్పుడు బదిలీ అంటే ప్రిస్కిల్లా చదువు గోదాట్లో కలిసినట్టే. ఆ తమలపాకుల అబ్బులే లాగుతున్నాడని ఊరంతా కోడై కూస్తోంది. పట్టుకోరేంటి?”

“సాక్ష్యం ఉండొద్దూ? ప్రతి శనివారం బేరం చూసుకుని ఆ బండిలోనే వస్తాడు, ఆగితే ఇక్కడే దిగిపోతాడు, నిజమే. అడిగితే దేవుడి మీద ప్రమాణం చేసేస్తున్నాడు.”

“మన దేవుడి మీదా, వాళ్ల దేవుడి మీదా?”

“ఇద్దరి మీదానూ.”

సువార్తమ్మ కాసేపు ఆలోచించింది. “అసలు బండి ఇక్కడ ఆగితే గొలుసు లాగే పనేముంటుందండీ? ఎంపీ గారిని అడగండి.”

భార్య తెలివికి రాజరత్నం పొంగిపోయాడు. పార్లమెంటు జరిగే రోజుల్లో ఎంపీ భీమరాజు గారు శని, ఆదివారాలే ఊళ్లో దొరుకుతారు. వెంటనే అరటితోటకు అడ్డంపడి, దాని వెనకున్న ఆయన మేడకు చేరుకున్నాడు. వాకిట్లో శ్యామలాంబ గారు భర్త బూట్లకంటిన బురద గీకుతూ, “లోపలికి రండి బాబూ” అన్నారు.

అంతా విని భీమరాజు గారు మండిపడ్డారు. “ఎంత అన్యాయం! నేనంటే నిడదవోలులో దిగి కారులో వెనక్కొస్తాను. సామాన్యుడి గతేంటయ్యా? జీరో అవర్లో లేవదీస్తాను. పొద్దున్న పదింటిలోపు నోటీసు పడేస్తే పన్నెండింటికి మాట్లాడ్డమే!”

“ఆ గొలుసు లాగేవాణ్ణి కూడా కాస్త తగులుకోండి సార్.”

“ఉతికి ఆరేస్తాను.”

అన్నట్టే బుధవారం మధ్యాహ్నం టీవీలో లేచి నిలబడ్డారు. స్టేషన్లో ఉన్న చిన్న టీవీ ముందు ఊరు ఊరంతా కూలబడింది.

“అధ్యక్షా! మా చినగరువులో ఒక అరాచక శక్తి వారం వారం రైలు గొలుసు లాగుతోంది! ఇవాళ గొలుసు లాగినవాడు రేపు పట్టాలే పీకడని నమ్మకమేంటి అధ్యక్షా? దేశం ఎటు పోతోంది? ఆ ద్రోహిని జైల్లోనైనా పెట్టండి, లేదా బండినైనా ఆపండి!”

అధ్యక్షులు గంట కొట్టారు. ఈలోగా ఇరవైమంది సభ్యులు లేచి, తామూ ఏకీభవిస్తున్నామంటూ తలా ఒక ఊరి పేరు చెప్పి, అక్కడా బండి ఆపాలన్నారు. అందరి మాటా విని ఉంటే ఆ బండి ఢిల్లీ పొలిమేర దాటేది కాదు.

“ద్రోహి అన్నాడు, విన్నావా?” అని ఊళ్లోవాళ్లు అబ్బులును పొడిచారు. అబ్బులు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చినగరువులో రెండు నిమిషాల హాల్టు, ప్రయోగాత్మకంగా ఆరు నెలలు. గొలుసు గొడవ మళ్లీ జరిగితే మాత్రం రద్దు. రాజరత్నం మోకాళ్ల మీద పడి ప్రార్థన చేశాడు.

మొదటిసారి ఆగే శనివారం రానే వచ్చింది. అదే బండిలో ఎంపీ గారు దిగుతున్నారని కబురు. బ్యాండుమేళం, మామిడి తోరణాలు, గజమాల సిద్ధం. ఆ వారం అబ్బులు బేరం మానుకుని, దండ పట్టుకుని రాజరత్నం పక్కనే నిలబడ్డాడు. “నేను కళ్లెదురుగా ఉంటేనన్నా నమ్ముతారు కదండీ.”

కూత వినబడింది. బండి నెమ్మదిస్తూ వచ్చింది. రాజరత్నం గుండె ఉప్పొంగింది.

అంతలో కీచుమని అరిచి, బండి అరటితోట దగ్గరే ఆగిపోయింది.

రాజరత్నం అబ్బులు వైపు చూశాడు. అబ్బులు దండతో సహా రెండు చేతులూ పైకెత్తాడు. ఇక ఆలోచించకుండా రాజరత్నం పరుగెత్తి, ఫస్టు క్లాసు పెట్టెలోకి ఎగిరి ఎక్కాడు.

“అలవాటైపోయిందయ్యా రాజరత్నం!” అన్నారు భీమరాజు గారు, గొలుసు వదలకుండానే.