పదికోట్ల ఏళ్ల మొలక

పదికోట్ల ఏళ్ల నాటి కలువ గింజ మొలకెత్తింది.

నరసరావుపేటలోని ఆ కాలేజీ మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు నిలబడ్డ బోటనీ లెక్చరర్ బ్రహ్మాజీ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. పెట్టెలో సున్నపురాతి పలక. పలక మీద శిలాజంగా మారిన కలువ కాయ. పైకప్పు కారి దాని చుట్టూ వాననీళ్లు నిలిచాయి. కాయలోంచి ఆకుపచ్చటి మొలక తలెత్తి చూస్తోంది.

అరనిమిషం పాటు ప్రపంచమంతా తనకు చప్పట్లు కొడుతున్నట్టనిపించింది. తర్వాత బుర్ర పనిచేసింది. రాయైపోయిన గింజ మొలవదు. ఆ సంగతి ఫస్టియర్ పిల్లలకు ఏటా చెప్పేది తనే.

అంటే, ఎవరో అసలుది కాజేసి మామూలు కాయ పెట్టారు!

ఇంకో గంటలో హైదరాబాద్ నుంచి శిలాజాల నిపుణురాలు డాక్టర్ మెహ్‌జబీన్ వస్తోంది, ఆ శిలాజాన్ని చూడటానికే. బ్రహ్మాజీకి ఉన్న పేరంతా ఆ కాయ పుణ్యమే. డాక్టరేటు దాని మీదే. ఏటా భూతద్దం పెట్టి చూస్తే ఏదో ఒక కొత్త విశేషం కనిపించేది. ఏటా ఒక వ్యాసం రాసేవాడు. "అంత పరీక్షగా నన్నెప్పుడన్నా చూశారా?" అని భార్య సరిత దెప్పేది.

ముందు జువాలజీ లెక్చరర్ సాదిక్‌ను నిలదీశాడు.

"మీ కాయ నాకెందుకు మాస్టారూ? కూరొండుకుంటానా?" అన్నాడు సాదిక్.

ఇక మిగిలింది అటెండర్ కోటేశ్వర్లు. పెట్టె తాళంచెవి పాతికేళ్లుగా అతని మొలతాడుకే వేలాడుతోంది.

"నిజం చెప్పవయ్యా. కాయ ఎప్పుడు మార్చావు?"

కోటేశ్వర్లు తల గోక్కున్నాడు. "ఈసారా సార్?"

"ఈసారా ఏందయ్యా?"

"ఏడు తిరిగేసరికి పురుగు పడతంది గదా సార్. పోయిన వారమే కొత్తది పెట్టా."

బ్రహ్మాజీ అతని చొక్కా పట్టుకున్నాడు. "మరి అసలుదేదీ?"

"మీరు ఉద్యోగంలో చేరిన ఏడు ఇన్‌స్పెక్షన్ వస్తందంటే, మా ఇంట్లో నాపరాళ్లు కడిగినట్టే ఆసిడ్ పోసి రుద్దా సార్. బుసబుసా పొంగి కాయంతా కరిగిపోయింది. అప్పట్నుంచి ఏటా మా రొంపిచెర్ల చెరువులో కాయ కోసుకొచ్చి, ఎండబెట్టి, వైట్ సిమెంట్‌తో అతికిస్తన్నా. మీ డాక్టరేటుకి మాత్రం చానా ముదురు కాయ ఏరి పెట్టా సార్!"