రెండు వారాలు వెనక్కి

"మొదట ఒక్కడే అనుకోండి," అంటూ లెక్కల లెక్చరరు గణపతిరావు నల్లబల్ల మీద చుక్క పెట్టాడు. మశూచి సోకిన ఆ ఒక్కడు ముగ్గురికి అంటిస్తే, ఆ ముగ్గురూ తొమ్మిదిమందికి అంటిస్తే, వంద గడపల ఊరు ఎన్నాళ్లకి మంచం పడుతుందో సమీకరణం రాయాలి. శ్రీకాకుళం కాలేజీలో బీయస్సీ పిల్లలకి ఇదేం పాఠమని తోటివాళ్లు నవ్వేవారు. పిల్లలకి మాత్రం సరదాగానే ఉంది. ఉండదూ మరి, జబ్బు బల్లమీదే ఉందాయె!

ఎల్లాజీ ఒక్కడికే సరదాగా లేదు. వాడిది కళింగపట్నం పక్క పల్లె. కిందటేడు దసరా వెళ్లాక అక్కడ అమ్మవారు పోసి ఏడుగురు పిల్లలు పోయారు. వాళ్లలో వాడి చెల్లెలు దేముడమ్మ ఒకతి. అమ్మవారున్న ఇంట్లో నూనె కాగకూడదు. వాడి తల్లి మరిడమ్మ చేపలు వేయించిందనీ, అందుకే అమ్మవారు ఆగ్రహించి ఊరిమీద పడిందనీ పల్లె తేల్చేసింది. మరిడమ్మ కాదని ఒక్క మాట అంటేనా! నూతి దగ్గరికి రానివ్వకపోయినా ఊరుకుంది. ఆమె ఎండుచేపల గంప ఎవరూ ముట్టకపోయినా ఊరుకుంది. ఇప్పుడు మళ్లీ దసరా దగ్గరపడుతోందని ఊరికి భయం పట్టుకుంది. ఆదివారం పెద్దలు కూర్చుని ఆమెని పల్లె దాటించేస్తారట.

క్లాసయ్యాక ఎల్లాజీ ఓ కాగితం తెచ్చి మేష్టారి ముందు పెట్టాడు. ఎవరికి ఏ రోజున పొక్కులు తేలాయో అందులో ఉంది. తన తల్లిది తప్పో కాదో లెక్క కట్టి చెప్పమన్నాడు. గణపతిరావు చాలాసేపు చూశాడు. దేముడమ్మకి తేలిన రెండ్రోజుల్లోనే మరో నలుగురికి తేలాయి.

"అంటుకున్నాక పొక్కు తేలడానికి రెండు వారాలు పడుతుందోయ్. రెండ్రోజుల్లో నీ చెల్లెలి నుంచి వీళ్లకెలా వస్తుంది? రెండు వారాలు వెనక్కి వెళ్లు. దసరా. అప్పుడెవరో ఈ అయిదుగురి మధ్యా తిరిగారు. మీ అందరికీ కిందటేడు కాలేజీ తెరవగానే పొడిచారే, అలా టీకా పడ్డ మనిషైతే జ్వరం, నాలుగు పొక్కులు, అంతే. జబ్బని తనకే తెలీదు. మీ అమ్మ చేపలకీ దీనికీ సంబంధం లేదు."

ఎల్లాజీకి ప్రాణం లేచొచ్చింది. దసరాకి పల్లెలోకి గాజులవాడు వస్తాడు, పులివేషాలవాళ్లు వస్తారు. వాళ్లలోనే ఎవడో అయ్యుంటాడు. మేష్టారి చేత లెక్కంతా వివరంగా రాయించుకుని శనివారం మధ్యాహ్నం బస్సెక్కాడు.

మరిడమ్మ ఇసకలో చేపలు ఎండబెడుతోంది. కొడుకు చెప్పిందంతా విని పొంగిపోతుందనుకుంటే మొహం పాలిపోయింది. ఆ కాగితం పెద్దలకి చూపించొద్దంది. వాడికి ఒళ్లు మండింది. ఏడాదిగా తిన్న తిట్లు చాలవా అని గట్టిగా అడిగేశాడు. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని చేపలు తిరగేయసాగింది.

"పోనీ నువ్వే సెప్పమ్మా. దసరాకి ఎవులొచ్చినారు? గాజులోడా?"

"ఆడు రానేదు."

"పులేసాలోలా?"

"ఆలూ రానేదు. తప్పు నాదేనని ఊరోలకి సెప్పీసినాను. ఆ కాయితం సింపీ, బాబూ."

"మరెవులొచ్చినారే? ఎవుల్ని దాస్తన్నావు?"

మరిడమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"జొరంతో నువ్వొచ్చినావు, నాయినా."