మార్చకూడని వరుస

సర్వర్ గది తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు.

గది అంటే గదేం కాదు. ఆసుపత్రి దుప్పట్లు పెట్టే కొట్టు. అందులో ఒక అర మీద పాత కంప్యూటరు. నర్సులు రాసే షిఫ్టు నోట్స్ అన్నీ దాంట్లోనే ఉంటాయి.

కొత్తగా చేరిన సిస్టమ్స్ ఇంజినీరు వాటిని కొత్త మెషీన్‌లోకి మారుస్తోంది.

"ఎవరండీ మీరు?" అంది తల తిప్పకుండా.

"ఆ మెషీన్ పెట్టింది నేనేనమ్మా. మారుస్తున్నారని తెలిసి వచ్చాను."

"ఇక్కడ పనిచేసేవారా?"

"లేదమ్మా. పాత సూపరింటెండెంటు గారిని అడిగి పెట్టాను. ఊరికే."

ఊరికే అన్న మాట ఆమెకు నచ్చలేదు. ఊరికే ఎవరూ ఏదీ పెట్టరు.

స్క్రీన్ మీద సెట్టింగుల ఫైలు తెరిచి ఉంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. ఒక్కో వరుసలో ఒక పేరు, సమానం గుర్తు, దాని విలువ. సర్వర్ లేవగానే ముందు వాటిని చదువుకుంటుంది. నోట్స్ ఏ ఫోల్డరులో ఉన్నాయి, ఎవరు తెరవచ్చు, వాటికి తాళంగా పెట్టిన అక్షరాలు ఏవి.

"అన్నీ మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి" అన్నాడాయన. "ఆ తాళం వరుస ఒక్కటి మార్చకండి."

"ఆ తాళం మీకు తెలుసా?"

"నేను పెట్టిందే కదా."

"అయితే ముందు మార్చాల్సింది అదే. దాని వెనక పేషెంట్ల సంగతులున్నాయి. బయటి మనిషి దగ్గర తాళం ఉంటే ఎలా?"

"నేనెప్పుడూ తెరిచి చూడలేదమ్మా. కానీ అది మారిస్తే పాతవి..."

ఆమె అప్పటికే గార్డును కేకేసింది.

గార్డు వచ్చి, ఆయన్ని చూసి నవ్వాడు.

"మళ్ళీ వచ్చారా నోట్సుగారూ? పదండి పదండి."

ఆయన్ని గేటు దాకా దిగబెట్టి, గార్డు తిరిగొచ్చాడు.

"షిఫ్టు మారే వేళకి గేటు దగ్గర నిలబడతాడు మేడమ్. నోట్స్ రాశారా అమ్మా అని వచ్చే నర్సునీ పోయే నర్సునీ అడుగుతాడు. మనిషి మంచోడే. కాస్త ఇది..." అంటూ తల పక్కన వేలు తిప్పాడు.

"ఇక లోపలికి రానివ్వకండి."

తాళం వరుసలో ఇంగ్లీషు అక్షరాలు ఖాళీ లేకుండా పొడుగ్గా ఉన్నాయి. అలాంటివి ఎవరూ చదవరు. ఆమె చెరిపేసి కొత్తది పెట్టింది. సర్వర్‌ని ఆపి మళ్ళీ లేపింది. పరీక్షకు ఒక నోట్ రాసింది. తెరిచింది. తెరుచుకుంది.

కొత్త మెషీన్‌లోకి చేరిన పాత నోట్స్ మాత్రం తెరిచి చూడలేదు. పేషెంట్ల సంగతులు తను చదవకూడదు.

పాత డిస్కు చెరిపేసింది. రూలు అదే.

సాయంత్రం షిఫ్టు మారే వేళకి హెడ్ నర్సు పరిగెత్తుకొచ్చింది.

"ఏంటమ్మా నోట్స్ నిండా చీమలు పాకినట్టుంది? ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!"

ఇంజినీరు వార్డుకి వెళ్ళి చూసింది. ఈరోజు రాసినవి బాగానే ఉన్నాయి. నిన్నటివి, మొన్నటివి, అంతకు ముందువి అన్నీ గజిబిజి గుర్తులు.

ఆయన చెప్పబోయింది ఇదే. పాత తాళంతో దాచినవి కొత్త తాళానికి తెరుచుకోవు.

కిటికీ పక్క మంచం మీద పెద్దావిడకి జ్వరం పెరుగుతోంది. పిలిస్తే పలకడం లేదు. డాక్టరు చేతిలో ఇంజెక్షన్ సిద్ధంగా ఉంది.

"ఆగండి సార్" అంది హెడ్ నర్సు. "ఈవిడకి ఏదో పడదని కూతురు చెప్పింది. నోట్స్‌లో ఎక్కించాం. ఏ మందో గుర్తు రావడం లేదు."

"కేసు షీటులో లేదే?"

"షీటులో మీరు రాసినవి ఉంటాయి సార్. ఇంట్లోవాళ్ళు నోటితో చెప్పినవి నోట్స్‌లోనే."

"కూతురికి ఫోన్ చెయ్యండి."

"చేస్తూనే ఉన్నాం. కలవడం లేదు."

"పోనీ వేరే మందు ఇద్దామంటే, ఏది పడదో తెలిస్తే కదా వేరేదేదో తెలిసేది! ఎంతసేపని ఆగను?"

ఇంజినీరు గార్డు దగ్గరికి ఉరికింది.

"ఆ పొద్దుటాయన ఫోన్ నంబరుందా?"

"ఫోనెందుకు మేడమ్? అదిగో, గేటు బయటే. పొమ్మన్నా పోలేదు. షిఫ్టు మారేదాకా ఉంటానన్నాడు."

ఆయన గోడవారన నిలబడి ఉన్నాడు.

"బాబాయిగారూ, రండి. తొందరగా."

"లోపలికి రావద్దన్నారు కదమ్మా" అన్నాడు. దెప్పినట్టు లేదు. అడిగినట్టుంది.

"తప్పయిపోయింది. రండి."

కొట్టు గడప దగ్గర ఆగిపోయాడు.

"నేను చెబుతాను. మీరు కొట్టండి."

"అంత పొడుగు గుర్తుందా?"

"మర్చిపోయేది కాదమ్మా. ఎమ్. ఎ. ఎ. మళ్ళీ ఎ..."

ఆమె కొట్టింది. కొట్టింది మళ్ళీ చూసుకోలేదు. ఒక్కో అక్షరమే తప్ప ఇంకేదీ చెవికెక్కలేదు. సర్వర్‌ని లేపింది. వార్డులోంచి హెడ్ నర్సు అరిచింది.

"ఇంకా చీమలే!"

"మొదట్లో ఎ ఒకటి తగ్గిందేమో చూడండి" అన్నాడాయన.

తగ్గింది. చేర్చింది. మళ్ళీ లేపింది.

వార్డు వైపు నుంచి చెప్పుల చప్పుడు దగ్గరైంది.

హెడ్ నర్సు వచ్చి తలుపు పట్టుకుంది. రొప్పుతోంది.

"తెరుచుకున్నాయి. పడనిది డాక్టరుగారి చేతిలో ఉన్నదే. పక్కన పెట్టించాను. వేరేది ఎక్కిస్తున్నారు. పొద్దుటి నుంచి రాసినవి మళ్ళీ రాసుకుంటాంలే."

ఇంజినీరు గడప వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"షిఫ్టు మారింది కదా మేడమ్" అన్నాడు గార్డు. "వెళ్ళిపోయాడు."

"ఎవరాయన?"

"ఏమో" అంది హెడ్ నర్సు. "నేను ఇక్కడ చేరకముందు నుంచీ వస్తున్నాడు."

సెట్టింగుల ఫైలు ఇంకా తెరిచే ఉంది.

ఆమె తాళం వరుస మీద వేలు పెట్టింది. ఇప్పుడు చదివింది, ఎక్కడ ఏ మాట విరుగుతుందో చూసుకుంటూ.

అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి: మా ఆవిడకి ఆ ఇంజెక్షన్ పడదని రాత్రి నర్సుకి చెప్పండి.