పాల గరాటు

స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు విస్కాన్సిన్‌లో ఈ ఊరు కట్టిన నాటి నుంచీ, చీకటి పడగానే ఒకరు దిబ్బెక్కి, పాలు వడపోసే చెక్క గరాటు నోటికి పెట్టుకుని, దేవుడి కాపు కోరుతూ ఒక్కో ఇంటి పేరూ పిలుస్తారు. పిలిచిన ఇంటికీ, దాని పశువులకీ ఆ రాత్రి కీడు రాదు. ఆ పని అలోయిస్‌ది. భార్య అగాథ పోయాక మానేశాడు.

"దేవుడి మీద కోపమైతే మా పశువులేం చేశాయి, బాబాయ్?" అంది పక్కింటి వెరీనా.

"రోజూ పిలిచాను. అయినా అగాథ పోలేదూ? వెళ్ళు, నీ పని చూసుకో."

ఆ రాత్రి దిబ్బ మీంచి పిలుపు వినిపించింది. అలోయిస్ గోడకేసి చూశాడు. గరాటు మేకుకే ఉంది.

గొంతు అగాథది. తొందరపడకుండా ఒక్కో ఇల్లూ పిలిచింది. వెరీనా ఇల్లూ అయింది. ఇక మిగిలింది తన ఇల్లే.

అతడు తలుపు తెరిచి చెవి ఒగ్గాడు. దిబ్బ మీంచి ఇంకో పేరు రాలేదు.

తన కొట్టంలో ఆవుల మెడగంటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.