పగ్గాలు పెద్దల చేతిలోనే

దుబాయ్ సత్వాలో మా రూము లీడరు దయాకర్, ఇక లీడరు ఎన్నికలుండవని గోడకు కాగితం అంటించాడు. ఎందుకని అడిగిన ఇర్షాద్‌ను రూము ఖాళీ చేయమన్నాడు.

పెట్టె సర్దుకుంటూ ఇర్షాద్ రూములోని పెద్దవాళ్లిద్దరితో, "వాణ్ణి గెలిపించింది మీరిద్దరే కదా చాచా?" అన్నాడు.

"పిల్లోళ్లు అదుపులో ఉంటారని గెలిపిస్తిమి. పగ్గాలు మా చేతిలోనే ఉండాయిలే," అన్నాడు హయాత్ బాషా.

"గట్టిగనే కొట్లాడినం," అన్నాడు లచ్చన్న. "మా పగటినిద్ర జోలికి రానని ఒప్పుకున్నడు. బాత్రూం లైన్ల గూడ మేమే ముందట."

"మరి నా సంగతి?"

"నీ కోసమేరా ఎక్కువ లొల్లి! ఇయ్యాలనే ఎళ్లగొడ్తనన్నడు. శుక్రారం దాంక ఆపినం."

పెట్టె మూత పడలేదు. హయాత్ బాషా దానిమీద కూర్చుని నొక్కిపెట్టాడు.

"మేం లేకుంటే వాడు నియంత అయిపోయిండేవాడు బేటా!"