వెనక మెట్లు

"పిల్లల్ని చదివించడానికి తెచ్చుకున్నారా, కాల్చి చంపడానికా? పైన రెండు వందలమంది పిల్లలు, దిగడానికి ఒక్క మెట్ల దారా?"

ఐదేళ్ళ కూతుర్ని చేర్చడానికొచ్చిన తండ్రి వరండాలో నిలబడి అరుస్తుంటే హెడ్మిస్ట్రెస్‌కి ఒళ్ళు మండింది. వచ్చిన దగ్గర్నుంచీ ఇతని వాలకం ఆమెకి నచ్చలేదు. ఎవరైనా మార్కులడుగుతారు, హోంవర్కు అడుగుతారు. ఇతను మెట్ల వెడల్పు జానలతో కొలిచాడు. కిటికీ ఊచలు పట్టుకుని ఊపాడు. అవతలి వీధి బడివాళ్ళు పంపిన మనిషేమో! లేకపోతే తప్పులు పట్టి ఫీజు తగ్గించుకునే రకం.

"లోపల మాట్లాడుకుందాం రండి," అని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళింది.

"ఏమనుకోకండి మేడమ్," అంది భార్య, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటూ. "ఇది నాలుగో బడి. ప్రతిచోటా ఇదే వరస. ఆఫీసు గదిలో అడుగు పెడతారు, మొహం మాడ్చుకుని బయటికొస్తారు. ఈయనకి బడి సరిపోదు, కోట కట్టించాలి. ఇవాళ చేర్పించందే నేను కుర్చీలోంచి లేవను!"

"వెనక మెట్లు ఎక్కడ?" అన్నాడతను, ఆ మాటలేవీ చెవిన పడనట్టు.

"లేవండీ. అటువైపు లైబ్రరీ ఉంది."

"కరెంటు మీటర్లన్నీ ముందు మెట్ల కిందే పెట్టారు. అక్కడే అంటుకుంటే?"

"శుభమా అని పిల్లని చేర్చడానికొచ్చి అవేం మాటలండీ!"

హెడ్మిస్ట్రెస్‌కి ఓపిక చచ్చిపోయింది. గోడ మీది ఫ్రేము దించి అతని ముందు పడేసింది.

"అగ్నిమాపక శాఖ ఇచ్చిన పత్రం. వినండి. భవనాన్ని స్వయంగా తనిఖీ చేసి, రెండు మెట్ల దారులు ఉన్నట్టు..."

ఆమె ఆ ముక్క మళ్ళీ చదువుకుంది. రెండు. ఏడాదిగా ఈ కుర్చీలో కూర్చుంటోంది. వీపు వెనకున్న కాగితాన్ని ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు.

"నేను రాకముందుది ఇది. అధికారి వచ్చి చూసే ఇచ్చుంటారు," అంది, ఈసారి నెమ్మదిగా.

"రాలేదు. గేటు కూడా దాటలేదు."

"మీకెలా తెలుసు? అసలెవరు మీరు? ఎవరు పంపారు?"

భార్య అతని చొక్కా పట్టి లాగింది. "ఊరుకోండి! పాపకి ఈ బడి కూడా దక్కనివ్వరా?"

అతను కూతురి వంక చూశాడు. పైగదుల్లోంచి ఎక్కాలు వినబడుతున్నాయి. పాప కాళ్ళూపుతూ వాటికి గొంతు కలుపుతోంది.

"పిల్లలందర్నీ ఇప్పుడే కిందికి దింపండి," అన్నాడు. "రెండో మెట్లు కట్టేదాకా ఒక్కర్ని కూడా పైకి ఎక్కించకండి."

"ఇంత పెద్ద శాఖ పర్వాలేదంటే, వద్దనడానికి మీరెవరండీ?"

అతను జేబులోంచి పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు ఆ కాగితం మీదున్న నా సంతకం కొట్టెయ్యండి."