‘వద్దు’ బటన్

నాన్న పత్రికలో సాఫ్ట్‌వేర్ల మీద కాలమ్ రాస్తారు. ఆయన చెబుతుంటే నేను టైపు చేస్తాను. ఈ వారం ఆయన కోపమంతా ఫోనులో ఒక యాప్ మీద.

"చూడవే! ‘సరే’ అని ఒక బటన్, ‘తర్వాత అడుగు’ అని ఇంకోటి. ‘వద్దు’ ఏదీ? పొద్దున పొమ్మంటే సాయంత్రం మళ్ళీ తయారు! ఛీ, సిగ్గూ శరమూ లేదు. పైగా వార్తల్లో దీన్ని ఆకాశానికెత్తుతున్నారు. చట్టం చేసేవాళ్ళు నిద్రపోతున్నారా?"

చివరి వాక్యం ఆయనే ఒత్తి పలికారు: "ఒకసారి వద్దన్నాక మళ్ళీ మళ్ళీ అడగడాన్ని పీడించడం అంటారు."

"బాగుంది నాన్నా. పంపేయనా?"

"పంపు." కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ గొంతు తగ్గించారు. "అల్లుడుగారు మళ్ళీ ఫోన్ చేశారమ్మా. ఇంకెప్పుడూ చెయ్యి చేసుకోనంటున్నారు. ఇంకోసారి ఆలోచించు."

ఆ ఇంటి గడప దాటి వచ్చినప్పట్నుంచీ నాన్న రోజూ ఇదే అడుగుతున్నారు. నేను రోజూ వద్దనే చెబుతున్నాను.

ఈసారి కాలమ్ కింద ఆయన పేరు చెరిపి, నా పేరు టైపు చేసి, అప్పుడు పంపాను.